డ్యాష్‌లో ఆర్‌పీఎం ముల్లు ఉన్నట్టుండి ఆగిపోతోంది: క్యాన్ బస్ సమస్యా, పవర్ సమస్యా?

ముల్లు_ఆగింది | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

2011 మోడల్ పెట్రోల్ కారు. కంపెనీ ఇచ్చిన మీటర్లను ముట్టుకోలేదు. వాటి పక్కన 7 అంగుళాల స్క్రీన్ బిగించి సొంతంగా ఒక డిజిటల్ డ్యాష్ చేసుకున్నాను. గ్లవ్ బాక్సులో రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్ బోర్డు, కింద ‘పై’ అంటున్నది దీన్నే), దానికి క్యాన్ బస్సు (కారులోని కంట్రోలర్లన్నీ మాట్లాడుకునే రెండు తీగల లైను) వినే ఎంసీపీ2515 క్యాన్ మాడ్యూల్ (టీజేఏ1050 చిప్పు ఉన్న నీలం బోర్డు). స్టీరింగ్ కింది ఓబీడీ పోర్టు (మెకానిక్ స్కానర్ గుచ్చే సాకెట్) నుంచి గ్లవ్ బాక్సు దాకా రెండున్నర మీటర్ల ల్యాన్ కేబుల్ లాగాను. పిన్ 6 క్యాన్-హై, పిన్ 14 క్యాన్-లో, 16 నుంచి 12 వోల్టులు, 4 నుంచి గ్రౌండు. అన్నీ ఆ ఒక్క కేబుల్‌లోనే వస్తాయి. 12 వోల్టులను 5కి దించడానికి గ్లవ్ బాక్సులో ఒక బక్ కన్వర్టర్ ఉంది.

సమస్య ఇదీ. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా గంటసేపు చూశాను, అంతా బాగుంది. ఇంజన్ స్టార్ట్ చేసి రోడ్డెక్కితే మాత్రం ఐదు పది నిమిషాలకోసారి ఆర్‌పీఎం ముల్లు గడ్డకట్టుకుపోతుంది. కాసేపటికి ఎగిరి కొత్త అంకె మీద పడుతుంది. స్పీడు, కూలెంట్ వేడి కూడా అంతే. స్క్రీన్ మాత్రం హ్యాంగ్ కాదు, గడియారం నడుస్తూనే ఉంటుంది.

ఇప్పటికి మాడ్యూల్ మార్చాను, పై మార్చాను, ఎస్‌డీ కార్డు మార్చాను. ఫలితం శూన్యం.

పాతబండి | శనివారం, రాత్రి 10:02

బ్లూటూత్ డాంగిల్ ఒకటి గుచ్చి ఫోన్లో యాప్ పెట్టుకుంటే పోయేదానికి ఇంత తతంగం ఎందుకు తమ్ముడూ?

బైట్లబాబు | శనివారం, రాత్రి 10:15

పాతబండి గారూ, డాంగిల్‌తో పోయేదైతే అతను ఇక్కడికి వచ్చేవాడే కాదు. బజార్లో దొరికే ఈఎల్ఎం327 డాంగిళ్లలో ఎక్కువ భాగం నకళ్లే. వెర్షన్ 1.5 అని చూపిస్తాయి, అసలు చిప్పు చేసినవాళ్లు ఆ నంబరుతో దేన్నీ విడుదలే చేయలేదు. కూలెంట్ వేడి చూసుకోవడానికి పర్వాలేదుగానీ, ముల్లు నున్నగా తిరగాలంటే వాటితో కష్టం.

ముల్లు_ఆగింది గారూ, రెండు ప్రశ్నలు. ఆగినప్పుడు ఎంతసేపు ఆగుతోంది? ప్రతిసారీ అంతేసేపా, ఒక్కోసారి ఒక్కోలానా? రెండోది, మీరు బస్సులో తిరిగేదంతా ఊరికే వింటున్నారా, లేక 7డీఎఫ్ (అన్ని కంట్రోలర్లనూ ఒకేసారి అడిగే ఐడీ) మీద ఓబీడీ ప్రశ్నలు పంపి జవాబులు తీసుకుంటున్నారా?

ముల్లు_ఆగింది | శనివారం, రాత్రి 10:31

ప్రశ్నలు పంపే పద్ధతే. 7డీఎఫ్‌కి అడుగుతాను, 7ఈ8 నుంచి జవాబు వస్తుంది. మొత్తం 12 పీఐడీలు (ఆర్‌పీఎం, స్పీడు లాంటి ఒక్కో విలువకు ఒక్కో నంబరు) వరసగా తిప్పుతున్నాను.

ఎంతసేపని ఎప్పుడూ కొలవలేదు. ఇప్పుడు ఫోన్లో తీసిన వీడియోలు మూడు చూశాను. మూడింటిలోనూ ఇంచుమించు 3 సెకన్లు. ఒకదాంట్లో 3.1, ఒకదాంట్లో 3.0, ఇంకోదాంట్లో 3.2.

బైట్లబాబు | శనివారం, రాత్రి 10:38

అదే అనుమానించాను. వదులు వైరు గడియారం చూసుకుని ఆగదు కదా! ప్రతిసారీ కచ్చితంగా 3 సెకన్లంటే ఎవరో లెక్క కట్టి ఆపుతున్నారన్నమాట. మీ క్యాన్ ఇంటర్‌ఫేస్ పైకి లేపే లైనులో రీస్టార్ట్ సమయం ఎంత పెట్టారో చూడండి. అది మిల్లీసెకన్లలో ఉంటుంది.

ముల్లు_ఆగింది | శనివారం, రాత్రి 10:44

3000!! ఎక్కడో చూసి అతికించిన లైను అది. అర్థం కూడా చూడలేదు.

దాన్ని 100 చేసేస్తే సరిపోతుందా?

వైరింగ్‌వదిన | శనివారం, రాత్రి 10:52

సరిపోదు నాయనా. జ్వరం వస్తే థర్మామీటర్ మార్చినట్టుంటుంది.

ఆ రీస్టార్ట్ ఎందుకు అవసరమవుతోందో ముందు అర్థం చేసుకో. క్యాన్ బస్సులో ప్రతి కంట్రోలర్ తన తప్పుల లెక్క తానే రాసుకుంటుంది. ఒక సందేశం పంపడంలో తప్పు జరిగితే లెక్క 8 పెరుగుతుంది, సరిగ్గా వెళ్తే 1 తగ్గుతుంది. 127 దాటితే ఎర్రర్-పాసివ్, అంటే ఇక పక్కవాళ్ల మాటకు గట్టిగా అడ్డుతగలకూడదు. 255 దాటితే బస్-ఆఫ్, అంటే తనంతట తానే బయటికి వెళ్లిపోతుంది. ఒక్క నోడు పాడైతే మొత్తం బస్సు కూలకూడదని ఈ ఏర్పాటు. బాష్ వాళ్లు 1986లో క్యాన్‌ను బయటపెట్టినప్పటి నుంచీ దీని గట్టిదనమంతా ఇక్కడే ఉంది. బస్-ఆఫ్ అయిన ఇంటర్‌ఫేస్‌ను లినక్స్ దానంతటది లేపదు. నువ్వు 3000 అన్నావు కాబట్టి మూడు సెకన్లు ఆగి లేపుతోంది. నీ ముల్లు ఆగే మూడు సెకన్లు అవే.

8 పెరగడం, 1 తగ్గడం అన్న లెక్క గమనించావా? తొమ్మిది ప్రయత్నాల్లో ఒక్కటి కంటే ఎక్కువ విఫలమైతే చాలు, మెల్లగా మునిగిపోతావు. 100 పెడితే ముల్లు ఆగినట్టు కనపడదు, తప్పులు మాత్రం అలాగే ఉంటాయి. పైగా అవి నీ స్క్రీన్ దగ్గరే ఆగవు. ఆ బస్సు మీదే ఏబీఎస్ ఉంది, ఇంజన్ ఈసీయూ ఉంది.

ఇంటర్‌ఫేస్ గణాంకాలు వివరంగా చూపించే ఆదేశం ఇచ్చి బస్-ఆఫ్, ఎర్రర్-పాసివ్ అంకెలు ఇక్కడ పెట్టు. కారులో పాత తప్పుల కోడ్లు ఏమైనా నిల్వ ఉన్నాయేమో కూడా చూడు.

ముల్లు_ఆగింది | ఆదివారం, ఉదయం 8:20

ఉదయాన్నే ఒక గంట తిరిగొచ్చాను. ఎర్రర్-పాసివ్ 31, బస్-ఆఫ్ 11, రీస్టార్టులు 11.

కారులో ఒక కోడ్ నిల్వ ఉంది: యూ0121. భయమేస్తోంది వదినగారూ.

వైరింగ్‌వదిన | ఆదివారం, ఉదయం 8:47

యూ0121 అంటే ఏబీఎస్ మాడ్యూల్‌తో మాటలు తెగిపోయాయని వేరే మాడ్యూల్ ఫిర్యాదు చేయడం. నీ వల్లే అని ఇప్పుడే తేల్చలేం. కానీ తేలేదాకా ఆ కేబుల్ పీకేసి కారు నడుపు. పరీక్షలన్నీ బండి నిలబెట్టి చేసుకుందాం.

మొదటి పరీక్ష, రెసిస్టెన్స్. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, తాళం చెవి దూరంగా పెట్టి, బ్యాటరీ నెగెటివ్ తీసేసి పది నిమిషాలు ఆగు. అప్పుడు పిన్ 6, పిన్ 14 మధ్య కొలువు. ఒకసారి నీ కేబుల్ తగిలించి, ఒకసారి తీసేసి. కరెంటు ఉండగా కొలిస్తే మీటర్ చూపించే అంకెకు అర్థం ఉండదు.

పాతబండి | ఆదివారం, ఉదయం 9:05

నా మాటా ఒకటి వినండి. ఓబీడీ సాకెట్లో 6వ నంబరు పిన్ను పట్టు వదులై ఉంటుంది. స్కానర్లు పదే పదే గుచ్చి పీకిన బండ్లలో లోపలి రేకు తెరుచుకుపోతుంది. సన్నటి పిన్ను ఒకటి గుచ్చి లాగి చూడు, కాస్త పట్టి వదలాలి. జారిపోయిందంటే దొంగ అదే. వదులు కనెక్షన్లతో జుట్టు పీక్కున్నవాణ్ణి నేను.

కొత్తసాల్డర్ | ఆదివారం, ఉదయం 10:12

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాదీ అదే నీలం బోర్డు. నాకైతే ఒక్క ఫ్రేమ్ (బస్సు మీది సందేశం) కూడా రావట్లేదు. తగిలించిన రెండు సెకన్లకి డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ లైట్లన్నీ దీపావళిలా వెలిగిపోయాయి. బోర్డు చెడిపోయిందా?

బైట్లబాబు | ఆదివారం, ఉదయం 10:20

ముందు అది పీకేయండి! పీకారా? ఇప్పుడు చదవండి.

బోర్డు మీద వెండిరంగు లోహపు చిన్న డబ్బా ఉంటుంది, గింజ ఆకారంలో. దాని వీపు మీద అంకె చదవండి.

కొత్తసాల్డర్ | ఆదివారం, ఉదయం 10:41

పీకేశాను. లైట్లు ఆరాయి. భూతద్దం పెట్టి చూశాను, 8.000 అని ఉంది.

బైట్లబాబు | ఆదివారం, ఉదయం 10:55

మీ పై సెట్టింగుల ఫైల్లోని ఓవర్‌లే లైనులో ఆసిలేటర్ 16000000 అని ఉండి ఉంటుంది. ఉన్న క్రిస్టల్ 8 మెగాహెర్ట్జ్. మీరు 500 కిలోబిట్లు అడిగితే చిప్పు నిజంగా నడిచేది 250 దగ్గర. కారు మాట్లాడే భాష దానికి రెట్టింపు వేగంలో వినపడుతుంది, అంతా తప్పులతడకే అనుకుని ప్రతి ఫ్రేమ్ మీదా ఎర్రర్ జెండా ఎగరేస్తుంది. మిగతా మాడ్యూళ్లు ఒకరి మాట ఒకరికి వినపడక దీపాలు వెలిగించాయి. విలువను 8000000 చేయండి.

వేగం కుదిరిందని తేలేవరకు ఎవరైనా సరే, లిజన్-ఓన్లీ మోడ్‌లోనే కారుకు తగిలించండి. అందులో చిప్పు వింటుందే తప్ప బస్సు మీద ఒక్క బిట్టు కూడా పెట్టదు. తప్పు జరిగినా నష్టం మీ స్క్రీన్‌కే.

ఇంకో మాట. ఆ నీలం బోర్డుకు ఒకే 5 వోల్టుల సరఫరా ఇస్తే ఎంసీపీ2515 నుంచి రాస్ప్‌బెర్రీ పై పిన్నుల్లోకి కూడా 5 వోల్టులే వస్తాయి. పై పిన్నులు 3.3 దాకానే ఓర్చుకుంటాయి. ఎంసీపీకి 3.3, టీజేఏకి 5 వేరువేరుగా వెళ్లేలా బోర్డు మీది దారి కోసి వైరు వేసుకోవాలి. "నాకు ఏడాదిగా పనిచేస్తోంది" అని ఎవరో అంటారు. అదృష్టం మీద ఏడాది గడిచిందంతే.

వేదిక నిర్వాహకుడు | ఆదివారం, ఉదయం 11:10

కొత్తసాల్డర్ గారూ, మీ సమస్యకు వేరే చర్చ తెరవండి. క్రిస్టల్ సంగతి అందరికీ పనికొచ్చేది కాబట్టి పై పోస్టులు ఇక్కడే ఉంచుతున్నాను.

ముల్లు_ఆగింది | ఆదివారం, మధ్యాహ్నం 12:35

కొలిచాను. కేబుల్ లేకుండా 60.4 ఓమ్‌లు. కేబుల్ తగిలిస్తే 40.2.

పాతబండి గారూ, పిన్ను పట్టు కూడా చూశాను. 6, 14 రెండూ గట్టిగానే పట్టుకుంటున్నాయి.

సాల్డర్‌వాసన | ఆదివారం, మధ్యాహ్నం 12:48

40 అనగానే నవ్వొచ్చింది, ఎందుకంటే ఈ గుంటలో నేనూ పడ్డాను. బస్సుకు రెండు చివర్లలో 120 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు. సమాంతరంగా 60. నీ నీలం బోర్డు మీద జే1 అని జంపర్ ఉందే, అది మూడో 120. మూడు 120లు కలిస్తే 40. నువ్వు కారు బస్సు చివర కాదు, మధ్యలో ఒక కొమ్మలా తగులుకున్నావు, నీకు రెసిస్టర్ అక్కర్లేదు. జంపర్ పీకి డ్రాయర్లో పడెయ్.

రెండే నోడ్లతో బల్ల మీద పరీక్షించేటప్పుడు మళ్లీ వెతుక్కుంటావు దాని కోసం. నేను వెతుక్కున్నాను.

ముల్లు_ఆగింది | ఆదివారం, సాయంత్రం 4:15

జంపర్ తీశాక 60.3. ఇంటి ముందే బండి ఆన్‌లో ఉంచి గంట చూశాను, ఏసీ వేసుకునే కూర్చున్నా. బస్-ఆఫ్ 11 నుంచి 4కి తగ్గింది. తగ్గింది కానీ పోలేదు.

నిశ్శబ్దపాఠకుడు | ఆదివారం, సాయంత్రం 4:40

ఎంసీపీ2515లో అందుకునే బఫర్లు రెండే. రద్దీ బస్సులో ఫ్రేములు పొంగిపోయి పోతుంటాయి. 7ఈ8 తప్ప మిగతావన్నీ చిప్పు దగ్గరే వడగట్టేలా ఫిల్టర్ పెట్టి చూడండి. నాకు అదే పనిచేసింది.

బైట్లబాబు | ఆదివారం, సాయంత్రం 4:58

ఫిల్టర్ మంచిదే, పెట్టుకోమనే నేనూ చెప్తాను. కానీ ఇతని రోగం అది కాదు. బఫర్ పొంగితే ఫ్రేము పోతుందే తప్ప తప్పుల లెక్క పెరగదు, బస్-ఆఫ్ అవదు. ఓవర్‌రన్ అంకె వేరే పెరుగుతుంది. బస్-ఆఫ్ అంటే తీగ మీదే ఏదో జరుగుతోంది.

సందర్భం వచ్చింది కాబట్టి: 12 పీఐడీలను ఒక్కొక్కటిగా అడగక్కర్లేదు. క్యాన్ మీద ఓబీడీలో ఒకే ప్రశ్నలో ఆరు పీఐడీల దాకా అడగొచ్చు. కూలెంట్ వేడిని సెకనుకు పదిసార్లు అడిగి ఏం చేసుకుంటారు? ఐదు సెకన్లకోసారి చాలు. ఆ సమయమంతా ఆర్‌పీఎంకి ఇవ్వండి.

పాతబండి | ఆదివారం, సాయంత్రం 5:20

ఇంజన్ నడిస్తేనే వస్తోందంటే ఇగ్నిషన్ కాయిల్స్ చూడాలి. స్పార్క్ ప్లగ్ వైరు లీకైతే రేడియోలో కూడా చిటపటలు వస్తాయి. లేదా ఆల్టర్నేటర్ డయోడ్.

వైరింగ్‌వదిన | ఆదివారం, సాయంత్రం 5:45

పాతబండి గారు చెప్పింది కొట్టిపారేయలేం. కానీ ఒక్క మాట అడగనీయండి.

ముల్లు_ఆగింది, ఇంజన్ ఆఫ్‌లో గంటసేపు బాగుందన్నావు కదా. ఆ గంటలో ఏసీ బ్లోయర్ తిరుగుతోందా?

ముల్లు_ఆగింది | ఆదివారం, సాయంత్రం 5:52

లేదు. బ్యాటరీ దిగిపోతుందని అన్నీ ఆఫ్ చేశాను.

వైరింగ్‌వదిన | ఆదివారం, సాయంత్రం 5:55

ఇంజన్ ఆన్ చేశాక?

ముల్లు_ఆగింది | ఆదివారం, సాయంత్రం 5:57

బండి ఎక్కగానే ఏసీ వేస్తాను. ఎప్పుడూ.

వైరింగ్‌వదిన | ఆదివారం, సాయంత్రం 6:10

అయితే ఇంజన్ నడిస్తే వస్తోందని మనమందరం అనుకోవడమే తప్ప ఎవరమూ పరీక్షించలేదు. ఒకేసారి రెండు మారాయి. ఇంజన్ ఆఫ్, ఇగ్నిషన్ ఆన్, ఏసీ వద్దు, బ్లోయర్ ఒక్కటే. సున్నాలో పది నిమిషాలు, 2లో పది, 4లో పది. ప్రతి పదికీ ఎర్రర్-పాసివ్ అంకె రాసుకో. తర్వాత బ్లోయర్ ఆపి ఇంజన్ నడిపి పది నిమిషాలు. మధ్యలో బ్యాటరీ 12 వోల్టుల కిందికి దిగితే ఆపెయ్.

ముల్లు_ఆగింది | ఆదివారం, రాత్రి 8:03

బ్లోయర్ సున్నా: 0
బ్లోయర్ 2: 3
బ్లోయర్ 4: 14, బస్-ఆఫ్ 2
బ్లోయర్ ఆపి, ఇంజన్ నడుస్తూ, మధ్యమధ్యలో రేస్ చేస్తూ: 0

ఇంజన్‌కి సంబంధమే లేదు. వారం నుంచి స్పార్క్ ప్లగ్గులు మారుద్దామా అని చూస్తున్నాను!

పాతబండి | ఆదివారం, రాత్రి 8:11

నా కాయిల్స్ మాట వెనక్కి తీసుకుంటున్నా. వదినమ్మకి దండం.

సాల్డర్‌వాసన | ఆదివారం, రాత్రి 8:25

బ్లోయర్ మోటార్ చాలా బండ్లలో గ్లవ్ బాక్సు వెనకాలే కదా ఉండేది. బ్రష్ మోటార్ అయితే బ్రష్షులు రాసుకున్న ప్రతిసారీ నిప్పురవ్వలే. నీ కేబుల్ దాని పక్క నుంచే పోతోందా? అయినా ల్యాన్ కేబుల్ అంటే జంటలుగా మెలిపెట్టి ఉంటుంది, ఆ మాత్రం రొదకి పడిపోకూడదే. క్యాన్ ఇంతకంటే మొండిది.

వైరింగ్‌వదిన | ఆదివారం, రాత్రి 8:32

నా అనుమానమూ అక్కడే. ఓబీడీ ప్లగ్గు మూత తీసి లోపల ఒక ఫోటో, గ్లవ్ బాక్సు వైపు చివర ఒక ఫోటో. వెలుతురులో, దగ్గరగా. ఏ రంగు వైరు ఎక్కడికి వెళ్లిందో కనపడాలి.

ముల్లు_ఆగింది | ఆదివారం, రాత్రి 8:58

[ఫోటో 1] [ఫోటో 2] [ఫోటో 3]

మిగిలిన పొడవు చుట్టలా చుట్టి బ్లోయర్ డబ్బా మీద జిప్ టై వేశాను (ఫోటో 3). రంగులు గుర్తుండాలని నిండు రంగులే వాడాను: నారింజ క్యాన్-హై, ఆకుపచ్చ క్యాన్-లో, నీలం 12 వోల్టులు, గోధుమ గ్రౌండు. తెల్లచారల వైర్లు అయోమయంగా ఉన్నాయని నాలుగూ వెనక్కి మడిచి టేపు చుట్టేశాను. కంటిన్యుటీ అన్నిటికీ చూశాను, బీప్ వస్తోంది.

వైరింగ్‌వదిన | ఆదివారం, రాత్రి 9:06

దొరికింది.

వైరింగ్‌వదిన | ఆదివారం, రాత్రి 9:34

ఫోన్లో టైపు చేయడం కష్టమై కంప్యూటర్ దగ్గరికి వచ్చాను. ఫోటో 1 చూడండి అందరూ.

ల్యాన్ కేబుల్లో నారింజకి జోడు ఆకుపచ్చ కాదు. నారింజకి జోడు తెలుపు-నారింజ. ఆకుపచ్చకి జోడు తెలుపు-ఆకుపచ్చ. ఇతను క్యాన్-హైని ఒక జంటలోంచి, క్యాన్-లోని ఇంకో జంటలోంచి తీసుకున్నాడు. నారింజ పోయి ఎందుకూ పనికిరాని తెలుపు-నారింజతో మెలిపడి ఉంది. టెలిఫోన్, ల్యాన్ పనివాళ్లు దీన్ని స్ప్లిట్ పెయిర్ అంటారు.

క్యాన్ రెండు తీగల మధ్య తేడానే చదువుతుంది. ఇద్దరు ఒకే గొడుగు కింద భుజం భుజం రాసుకుని నడిస్తే ఇద్దరూ ఒకేలా తడుస్తారు, తేడా సున్నా. మెలిక చేసే పని అదే: బయటి రొద రెండు తీగల మీదా సమానంగా పడేలా చూడటం. విడిపోయి చెరో పక్క నడిస్తే ఒకడు ముద్దవుతాడు, ఒకడు పొడిగా ఉంటాడు. ఆ తేడాని చిప్పు బిట్టు అనుకుంటుంది. వాడని తెల్లవైర్లు ఎటూ తగలకుండా గాల్లో వేలాడుతూ యాంటెన్నా పాత్ర పోషించాయి, అది అదనం.

బీప్ వస్తుంది, 60 ఓమ్‌లు చూపిస్తుంది, వోల్టులు కూడా సరిగ్గానే ఉంటాయి. ఏ తీగ ఎవరితో మెలిపడిందో మల్టీమీటర్‌కి తెలియదు, కంటితో చూడాల్సిందే.

రెండో తప్పు అదే తొడుగులో పవర్ కూడా పంపడం. ఆ సన్నటి వైరు మీటరుకు సుమారు 0.08 ఓమ్. రాకపోకలు కలిపి ఐదు మీటర్లంటే 0.4 ఓమ్. పై, స్క్రీన్ కలిసి ఒక ఆంపియర్ లాగితే 0.4 వోల్టు అక్కడే పోతుంది. బక్ కన్వర్టర్ కరెంటును తెరలు తెరలుగా లాగుతుంది, ఆ అలలన్నీ క్యాన్ తీగల పక్కనే పరుగెడుతున్నాయి. మూడోది, ఆ చుట్ట. రొద పుట్టే చోటుకే తీసుకెళ్లి కట్టావు చూడు, దానికి మాత్రం నేనేమీ అనను.

సాల్డర్‌వాసన | ఆదివారం, రాత్రి 9:41

నా కేబుల్ ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. సరిగ్గానే ఉంది. కానీ తెలిసి చేసింది కాదు, కాకతాళీయం.

బైట్లబాబు | ఆదివారం, రాత్రి 9:55

పిన్ 16 నుంచి పవర్ తీసుకున్నారు కాబట్టి ఇంకో సంగతి. అది ఇగ్నిషన్ ఆఫ్ చేసినా చావదు, నేరుగా బ్యాటరీ. పై, స్క్రీన్ కలిసి 6 వాట్లు తిన్నా 12 వోల్టుల దగ్గర అర ఆంపియర్. రోజుకు 12 ఆంపియర్-గంటలు. చిన్న కారు బ్యాటరీ మూడు నాలుగు రోజుల్లో ఖాళీ. ఫ్యూజ్ బాక్సులో ఇగ్నిషన్‌తో ఆరిపోయే లైను ఒకటి వెతికి, వేరే ఫ్యూజు వేసి తీసుకోండి. స్టార్టర్ తిరిగేటప్పుడు వోల్టేజీ ఒక్క క్షణం బాగా కుంగుతుంది, ఆ కుంగుబాటు తట్టుకునే కన్వర్టర్ ఉండాలి. లేకపోతే స్టార్ట్ చేసిన ప్రతిసారీ పై రీబూట్ అవుతుంది.

ముల్లు_ఆగింది | ఆదివారం, రాత్రి 10:05

మీరందరూ చెప్పాక సిగ్గేస్తోంది. మూడు పార్టులు మార్చాను, వైరు వైపు చూడలేదు. అది కొత్త కేబుల్ కదా అని.

రొద అణచడానికి కేబుల్‌కి ఫెరైట్ పూస ఒకటి వేస్తే?

సాల్డర్‌వాసన | ఆదివారం, రాత్రి 10:12

ముందు జంట కలుపు. పూసలు, దండలు తర్వాత.

ముల్లు_ఆగింది | శనివారం, సాయంత్రం 6:30

వారం పట్టింది, ఆఫీసు పనుల మధ్య.

పాత కేబుల్ మొత్తం తీసేశాను. పై డబ్బాను గ్లవ్ బాక్సు నుంచి స్టీరింగ్ కిందికే మార్చాను, ఇప్పుడు క్యాన్ కేబుల్ 70 సెంటీమీటర్లే. నారింజ క్యాన్-హై, తెలుపు-నారింజ క్యాన్-లో. ప్లగ్గు దగ్గర కూడా మెలిక విప్పింది ఒక అంగుళం లోపే. పవర్ ఫ్యూజ్ బాక్సు నుంచి లావు వైరుతో వేరే, గ్రౌండు బాడీ బోల్టుకి రంగు గీకి బిగించాను. జంపర్ డ్రాయర్లో ఉంది. రీస్టార్ట్ విలువ తీసేశాను, మళ్లీ బస్-ఆఫ్ అయితే ఆగిపోయి నాకు కనపడాలని.

ముందు నిలబెట్టి వదినగారి పరీక్షే మళ్లీ చేశాను. బ్లోయర్ 4లో పది నిమిషాలు, సున్నా. నమ్మకం కుదరక ఇంకో ఇరవై. సున్నా. తర్వాత రెండు గంటలు రోడ్డు మీద, ఏసీ, హెడ్‌లైట్లు, వైపర్లు అన్నీ వేసి. ఎర్రర్-పాసివ్ 0, బస్-ఆఫ్ 0. యూ0121 తుడిచేశాను, తిరిగి రాలేదు. ఆరు పీఐడీలు ఒకే ప్రశ్నలో అడుగుతున్నాను, ముల్లు ఇప్పుడు కంపెనీ ముల్లుతో పోటీ పడి తిరుగుతోంది.

పాత కేబుల్ చివరలు విప్పి చూశాను. నల్ల టేపు కింద నాలుగు తెల్లచారల వైర్లు, బుద్ధిగా మడిచి, వరసగా. నేనే ఎంత శ్రద్ధగా చుట్టానో!

పాతబండి | శనివారం, సాయంత్రం 6:52

శభాష్ తమ్ముడూ. నా బండికి కూడా ఒకటి చేసిపెట్టు. డాంగిల్ మాట మర్చిపో.

కొత్తసాల్డర్ | శనివారం, రాత్రి 7:15

నాది కూడా 8000000 పెట్టాక వచ్చింది. లిజన్-ఓన్లీలోనే చూశాను, ఒక్క లైటూ వెలగలేదు. బైట్లబాబు గారికి కృతజ్ఞతలు.

ముల్లు_ఆగింది | శనివారం, రాత్రి 7:20

ఇంకొక్కటి. పెట్రోల్ మట్టం కోసం పీఐడీ 2ఎఫ్ అడిగితే నా కారు అసలు జవాబే ఇవ్వట్లేదు. ఇది కూడా వైరింగేనా?

వైరింగ్‌వదిన | శనివారం, రాత్రి 7:26

కాదు. ఆ పీఐడీ అన్ని కార్లూ ఇవ్వవు. 00, 20 అడిగితే ఏవేవి ఇస్తుందో అదే చెప్తుంది, ఆ జాబితాలో లేకపోతే ఎంత అడిగినా రాదు. ట్యాంకు మట్టం బస్సు మీద వేరే ఐడీలో తిరుగుతూ ఉండొచ్చు, దాన్ని వెతికి పట్టుకోవాలి. దానికి కొత్త చర్చ తెరువు. ట్యాంకు నింపే ముందు ఒక లాగ్, నింపాక ఒక లాగ్ తీసి పెట్టు, లిజన్-ఓన్లీలో.